అక్క విత్తనాల పక్కన నేను పెట్టిన ప్రకటన

బాన్సువాడలో ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. మా అక్క పండించిన వరి విత్తనాలు నకిలీవని ఇంటర్నెట్టే బయటపెట్టిందట. మనుషులైతే అబద్ధమాడతారు గానీ కంప్యూటర్‌కు ఎవరి మీద పగ ఉంటుంది అని దానికో తోక కూడా తగిలిస్తారు. కంప్యూటర్‌కు పగ లేని మాట నిజమే. పగ నాకుంది. దాని చేత ఆ మాట అనిపించింది నేను. అక్క విత్తనాలు మంచివి. రాయవలసింది ఇంతే. కానీ ఇంతే రాస్తే ఎవరూ నమ్మరని అనుభవం మీద తెలుసుకున్నాను కాబట్టి జరిగింది మొదటినుంచి చెబుతాను.

పగ మా బావ మీద, అంటే అక్క భర్త మీద.

తొంభైలలో బాన్సువాడకు కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో బావా నేనూ కలిసి ఆ పని మొదలుపెట్టాం. బస్టాండు వెనక సందులో ఒక రేకుల గది కిరాయికి తీసుకున్నాం. పైన డిష్షు, లోపల రెండు వీసీఆర్లు, తెర మీద అక్షరాలు వేసే చిన్న మిషను. స్తంభాల మీద వైర్లు లాగించడం, నెలనెలా ఇళ్ల నుంచి వసూళ్లు బావ చూసుకునేవాడు. గదిలో కూర్చుని నడిపేది నేను. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం ఒక సినిమా, సాయంత్రం ఊళ్లో ఎవరిదో పెళ్లి క్యాసెట్టు. వాటి అడుగున దుకాణాల ప్రకటనలు పడుతుండేవి.

మొదట్లో ప్రకటనలు ఏ వరసలో చేతికొస్తే ఆ వరసలో వేసేవాణ్ణి. ఒకసారి సినిమాలో తల్లి చనిపోయే ఘట్టం నడుస్తుంటే కింద మిఠాయి దుకాణం ప్రకటన పడింది. మరునాడు ఆ దుకాణదారు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

“గా తల్లి సచ్చిపోతుంటే నా లడ్డూలు ఎందుకేసినవ్ తమ్మీ? మా ఇంట్ల ఆడోళ్లే కండ్లు తుడుసుకుంట నన్ను తిట్టిన్రు.”

అప్పటినుంచి ప్రతి సినిమానూ ముందే ఒకసారి చూసేవాణ్ణి. వాన పాట వస్తే గొడుగుల దుకాణం, వంటింట్లో అత్తాకోడళ్లు కొట్లాడుకుంటే స్టవ్వులు బాగు చేసేవాడు, పెళ్లి క్యాసెట్టులో విందు వస్తే ఆ వంటవాడి పేరు. ఏ బొమ్మకు ఏ ప్రకటన పొసగుతుందో చూసి జతచేయడమే నా పనైపోయింది. దుకాణాల వాళ్లకు బేరాలు పెరిగాయి. ఇంకొకటి కూడా జరిగింది, దాన్ని నేనప్పుడు పట్టించుకోలేదు. బొమ్మ కింద ఏది పడితే అది ఆ బొమ్మలోని మనిషికి సంబంధించిందే అని ఊరికి అలవాటైపోయింది. ఒక పెళ్లికొడుకు గుర్రమెక్కి వస్తున్నప్పుడు పొరపాటున జుట్టు రాలకుండా రాసే నూనె ప్రకటన పడింది. పెళ్లికొడుకు తండ్రి గదిలోకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

“మా పిలగానికి బట్టతల ఉన్నదని ఎవలు చెప్పిన్రు నీకు?”

“ఎవరు చెప్పలే పెద్దనాయనా. గది నూనె ప్రకటన.”

“మరి ఆన్ని సూపెడుతుంటెనే ఎందుకు వచ్చింది?”

నేనెంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. నవ్వుకున్నాను. నేను నవ్వుకున్న ఆ సంగతే తర్వాత నాకు పనికొచ్చింది, పనికి రాకుండా ఉంటే బాగుండేది.

కేబుల్ బాగా నడుస్తున్నప్పుడు నిజామాబాద్ నుంచి ఒక పెద్దమనిషి దాన్ని కొనడానికి వచ్చాడు. అమ్ముతున్నామని బావ నాకు ముందు చెప్పలేదు. హోటల్ నుంచి చాయ్ తెమ్మన్నాడు, తెచ్చాను. గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండగా బావ వచ్చినాయనకు సామాను చూపిస్తున్నాడు.

“గిది డిష్షు. గివి రెండు వీసీఆర్లు, కొత్తయే. గిది అక్షరాల మిషను. గీడు మా బామ్మర్ది, క్యాసెట్లు మారుస్తుంటడు. అన్ని కలిపే ఇస్తున్న.”

వచ్చినాయన నవ్వి, “సినిమాకు తగ్గట్టు ప్రకటనలు వేసే ఆలోచన ఎవరిది? మా దగ్గర గూడ చెప్పుకుంటున్రు” అన్నాడు.

“నాదే. నేను చెప్తుంట, వీడు ఏస్తుంటడు. తెలివి ఉండాలె గదా సార్, చేతులెవలియైతే ఏంది?”

దుకాణాల వాళ్లు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు. అందరూ నవ్వారు. నేను చాయ్ గ్లాసులు తలా ఒకటి అందించాను. బావకు కూడా అందించాను. ఆ రోజు ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే తర్వాతి కథ ఉండేది కాదేమో. చెప్పలేదు. చెప్పని మాట ఏళ్ల తరబడి నాలోనే ఉండి పులిసింది. డిష్షుతో, వీసీఆర్లతో కలిపి నన్ను అమ్మిన మనిషిని ఒకనాడు నలుగురిలో నిలబెట్టాలని, ఎలాగో తెలియకపోయినా, అప్పుడే అనుకున్నాను.

కొత్త యజమాని దగ్గర నేను చేరలేదు. హైదరాబాద్ పోయి అమీర్‌పేటలో కంప్యూటర్ నేర్చుకున్నాను. బావ కేబుల్ అమ్మిన డబ్బుతో విత్తనాలు, పురుగుమందుల దుకాణం పెట్టాడు. బోర్డు మీద పేరు ఆయనదే. లోపల అమ్ముడుపోయే సరుకు మాత్రం మా అక్కది. కోటగిరి రోడ్డులో నిజాంసాగర్ కాలువ కింద వాళ్లకు కొంత భూమి ఉంది. అందులో అక్క విత్తనపు వరి పండించేది. వరి ఈనే వేళకు తోటి మొక్కల కంటే పొడుగ్గా పెరిగినవీ ముందే ఈనినవీ కనిపిస్తాయి. వాటిని కేళీలంటారు. వేరే రకం కలిసిందన్నమాట. అక్క కూలీలను నమ్మకుండా మడిమడికీ తానే దిగి వాటిని వేళ్లతో సహా పీకేది. పరిశోధన కేంద్రం నుంచి ఎప్పుడో తెచ్చిన మూల విత్తనాన్ని ప్రతి పంటలోనూ మంచి గొలుసులు, అంటే కంకులు, ఏరి నిలబెట్టుకుంటూ వచ్చింది. వర్ని, కోటగిరి వైపు రైతులు దుకాణానికొచ్చి “అక్క వడ్లు ఉన్నయా?” అని అడిగేవారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్యాంపుల వాళ్లు కూడా అలాగే అడిగేవారు. అక్కకు ఇంకో పేరు లేదు, ఇంకో ఆస్తీ లేదు. ఆ మాటే ఆమె ఆస్తి.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు నేను తిరిగొచ్చి బాన్సువాడలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకున్నాను. మావైపు ప్రతి వాడలోనూ దుబాయికో మస్కట్‌కో పోయినవాళ్లు ఉంటారు. వాళ్లు ఊరి సంగతుల కోసం మొహం వాచి ఉంటారని తెలిసి ఒక వెబ్‌సైట్ తయారు చేశాను. కాలువకు నీళ్లు ఎప్పుడు వదిలారు, ఎవరి ఇంట్లో పెళ్లి, ఏ బస్సు బోల్తా పడింది, అన్నీ తెలుగులో రాసేవాణ్ణి. గల్ఫ్ నుంచి, హైదరాబాద్ హాస్టళ్ల నుంచి చాలామంది చదివేవారు.

పేజీ పక్కన ప్రకటనలు పెట్టే ఒక విదేశీ కంపెనీ ఉండేది. వాళ్ల మిషను పేజీలోని మాటలు చదివి, ఆ మాటలకు సంబంధించిన ప్రకటనలు తెచ్చి పక్కన పెడుతుంది. చదివేవాళ్లు ఆ ప్రకటన నొక్కితే నాకు కొంత ముడుతుంది. కేబుల్ గదిలో కళ్లతో చూసి చేసిన పనినే ఇది తనంతట తాను చేస్తుందని చాలా సంబరపడ్డాను. తీరా చూస్తే దానికి తెలుగు రాదు. తెలుగు పేజీ దానికి ఖాళీ కాగితంతో సమానం. ఏమీ తోచక ఎక్కడివో చెట్లు నాటండి, రక్తదానం చేయండి అనే ప్రకటనలు పెట్టేది. వాటికి పైసా రాదు.

అందుకని ప్రతి వార్త అడుగున నాలుగైదు వరసలు చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టాను. అప్పుడు ప్రకటనలు వచ్చాయి గానీ పొసగలేదు. నిజాంసాగర్ కెనాల్‌కు నీళ్లు వదిలారని రాస్తే, కెనాల్ అన్న మాట పట్టుకుని, రూట్ కెనాల్ అంటూ పంటి నరానికి వైద్యం చేసే దవాఖాన ప్రకటన వచ్చింది. పురుగుమందు తాగి చనిపోయిన ఒక రైతు వార్త పక్కన పురుగుమందు ప్రకటనే వచ్చింది. అది చూసి ఆ పేజీ నుంచి ప్రకటనలే తీసేశాను. తర్వాత నెలల తరబడి అదే పనిమీద కూర్చున్నాను. ఏ మాట శీర్షికలో ఉంటే బరువెక్కువ, ఏ మాట రెండుసార్లు వస్తే మిషను దారి మళ్లుతుంది, ఏ భాగాన్ని చదవకుండా వదిలేయమని దానికి గుర్తు పెట్టవచ్చు, ఇవన్నీ మార్చి మార్చి చూసి నేర్చుకున్నాను. కోత మిషన్ల వార్త పక్కన ట్రాక్టర్ టైర్లు, గల్ఫ్ వార్త పక్కన విమానం టిక్కెట్లు పడేటట్టు చేశాను. సినిమా ముందే చూసి ప్రకటన జతచేసినప్పటి తృప్తి మళ్లీ కలిగింది.

ఆ నేర్చుకోవడంలో ఒక సంగతి బోధపడింది. మనం పొగుడుతున్నామా తిడుతున్నామా అనేది మిషనుకు పట్టదు. ఏ విషయం మాట్లాడుతున్నామో అదొక్కటే చూస్తుంది. “ఇక్కడ దొంగలు లేరు” అని రాస్తే దొంగల గురించి రాశామనే అనుకుంటుంది.

ఒక ఎండాకాలం బావ మా సెంటర్‌కు వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని అటూ ఇటూ చూశాడు.

“మస్తు నడుస్తుంది గదరా నీ దుకాణం. బామ్మర్ది, నా విత్తనాల మీద గూడ ఒక పేజీ ఎయ్యి. దుబాయిల మనోళ్లు సూడాలె. పైసలు పంపేటోళ్లు ఆళ్లే గదా, ఏ విత్తనం కొనాలెనో గూడ ఆళ్లే చెప్తున్రు ఇప్పుడు.”

“ఏస్త బావా.”

“మంచిగ రాయి. నకిలీయి గావు, మోసం లేదు అని రాయి. నీకు తెలివున్నది, నేను చెప్పాల్నా?”

తెలివి ఉందన్నాడు. కేబుల్ గదిలో అన్న మాట ఆయనకు గుర్తే లేదు. ఆయన ముఖంలో వెతికాను, ఎక్కడా దాని నీడైనా లేదు. క్షమాపణ అడగకపోవడం కంటే గుర్తే లేకపోవడం నాకు ఎక్కువ మండింది. ఏం రాయాలో కూడా తన నోటితోనే చెప్పాడు. ఆయన లేచి వెళ్లేలోపే నాకు దారి దొరికింది.

తెలుగులో చక్కగా రాశాను. దుకాణం ఫోటో, కౌంటర్ వెనక నవ్వుతూ బావ, సంచుల వరస. కింద ఇంగ్లీషులో మాత్రం నెలల పాటు నేర్చుకున్న విద్యంతా పెట్టాను. ఈ దుకాణంలో నకిలీ విత్తనాలు లేవు, నకిలీ విత్తనాల వల్ల పంట నష్టం ఉండదు, మోసపోయి ఫిర్యాదు చేసే అవసరం రాదు, వరి విత్తనాల మోసం మీద కేసులు పెట్టే పని లేదు. ఎవరికి చదివి వినిపించినా పొగడ్తే. తక్కిన మాటల్ని వదిలేయమని మిషనుకు గుర్తు పెట్టాను. మొదటిరోజు ట్రాక్టర్ లోన్లు వచ్చాయి. శీర్షిక మార్చాను. రెండు మాటలు పైకి జరిపాను. ఆ తర్వాత వచ్చింది నేను కోరుకున్నది. ఫిర్యాదులు తీసుకునే ఒక వెబ్‌సైట్ వాళ్ల ప్రకటన అది. పేజీలో ఏ మాట కనిపిస్తే ఆ మాటనే తమ ప్రకటనలో అతికించుకుంటుంది. నవ్వుతున్న బావ ఫోటో పక్కన పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో, “నకిలీ వరి విత్తనాలా? ఇక్కడ ఫిర్యాదు చేయండి.” దాని కింద పంట నష్టం కేసులు చూసే లాయరు.

చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇంత చక్కని జత కేబుల్ రోజుల్లో కూడా ఎప్పుడూ కుదరలేదని అనిపించింది. పశ్చాత్తాపం తర్వాతి సంగతి, ఆ పూట మాత్రం నాకు కడుపు నిండింది. ఆ సంచుల్లో ఉన్నవి అక్క వడ్లని నాకు తెలియక కాదు. బోర్డు మీద పేరు బావది, దెబ్బ బోర్డుకే తగులుతుందని చెప్పుకున్నాను. చెప్పుకుంటే నమ్మేంత కోపం ఉంది.

గల్ఫ్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మా సెంటర్‌లో ఫోన్ కూడా ఉండేది కాబట్టి కొన్ని నా చెవిన పడ్డాయి. కోటగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక ముసలాయన రిసీవర్ గట్టిగా పట్టుకుని వింటున్నాడు, అవతల కొడుకు అరుపు బయటికే వినిపిస్తోంది.

“బాపూ, గా దుకాణంల అక్క వడ్లు తీస్కోకు. ఇంటర్నెట్ల ఏసిన్రు, ఆయన బొమ్మ పక్కనే ఉన్నది.”

“ఏమేసిన్రురా?”

“నకిలీయని. కేసులు గూడ ఉన్నయట.”

బొమ్మ పక్కన ఏది ఉంటే అది ఆ మనిషిదే. ఊరికి ఆ పాఠం చెప్పింది నేనే. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకతను ఆ పేజీని రంగుల్లో ప్రింటు తీయించుకుపోయాడు. దాని జిరాక్స్‌లు పల్లెలకు పాకాయి. మిరుగు ముందు, అంటే మృగశిర కార్తెకు ముందు, రైతులు నార్లు పోసుకోవడానికి విత్తనం కొనే రోజులవి. అక్క వడ్లు అడిగేవాళ్లు లేకుండా పోయారు.

బావ దుకాణం మూతపడుతుందని ఎదురుచూశాను. పడలేదు. వారం తిరగకముందే ఒక పెద్ద కంపెనీ విత్తనాల బోర్డు దుకాణం ముందు నిలబడింది. రైతులతో బావ ఏమంటున్నాడో బజారులో అందరూ చెప్పుకుంటూనే ఉన్నారు. “గవి నా ఇంటిది పండిచ్చింది. ఆడిమనిషి మాట నమ్మి పెట్టిన, నాకేం తెల్సు? ఇగో, మీ కోసమే కంపెనీ సరుకు తెప్పిచ్చిన.”

అక్క ఇంటికి పోయాను. వసారా నిండా సంచులు. దుకాణం నుంచి వెనక్కి పంపినవి. అక్క వాటి పక్కన కూర్చుని ఉంది.

“తమ్మీ, నీ ఇంటర్నెట్ల గట్లెందుకు వస్తుంది?”

“మిషనక్కా. ఎవలి చేతుల లేదు.”

“నీ చేతుల గూడ లేదా?”

“లేదు.”

ఆమె తల ఊపింది. నమ్మింది. నేను సెంటర్‌కొచ్చి పేజీ కింది ఇంగ్లీషంతా చెరిపేశాను. రెండు రోజుల్లో ప్రకటనలు మారి ట్రాక్టర్ టైర్లు వచ్చాయి. ఊళ్లో మాత్రం, పైసలిచ్చి తీయించుకున్నారని అన్నారు.

అప్పుడు దుకాణానికే పోయాను. అప్పటికి రైతులు పదిమంది దాకా ఉన్నారు. కేబుల్ గదిలో నోరు విప్పని నేను అక్కడ నిలబడి గట్టిగా చెప్పాను. ఆ ప్రకటన వచ్చేటట్టు రాసింది నేనని, బావ మీద కోపంతో రాశానని, అక్క విత్తనాల్లో ఏ లోపమూ లేదని. వర్ని దగ్గరి క్యాంపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. ఆయనది కోస్తా యాస.

“అక్కగారి మీద ప్రేమ ఉండాలి బాబూ, కాదనను. ఆవిడ కోసం నింద నీ మీద వేసుకుంటున్నావు చూడు, అది గొప్ప సంగతే. కానీ నువ్వు రాస్తే కంప్యూటరు వినడమేంటయ్యా?”

“వింటది. నేను చూపిస్త రండి.”

“ఇప్పుడేం చూపిస్తావ్? అందులోంచి తీసేశారుగా” అన్నాడు ఇంకొకాయన. తక్కినవాళ్లు నవ్వారు.

బావ కూడా నవ్వి, “రా బామ్మర్ది, లోపలికి రా. ఎండల పడొచ్చినవ్” అని వెనక గోదాములోకి తీసుకుపోయాడు. లోపలికి పోయాక గొంతు తగ్గించాడు.

“గా సంగతి నాకు ఎప్పుడో తెల్సు. నిజామాబాద్‌ల కంప్యూటర్లు నేర్పేటాయనకు సూపిచ్చిన. ‘కింద ఇంగ్లీషు రాసినోడే తెప్పిస్తుండు’ అన్నడు. నీతోని తీపిద్దామని బయలెల్లిన. సగం తొవ్వల ఆగిన. ఎందుకు తియ్యాలె?”

ఆయన ఒక సంచి మీద కూర్చున్నాడు.

“కంపెనోళ్లు ఏడాది సంది నా చుట్టు తిరుగుతున్రు. మీ అక్క వడ్లుండంగ ఆళ్లయి ఎట్లమ్మాలె? ఆపమంటె ఇంట్ల రోజు లొల్లి. నేను చెయ్యలేని పని నువ్వు చేసిపెట్టినవ్. అసలు నీకే చాయ్ తాపియ్యాలె.”

ఆయన పగలబడి నవ్వలేదు. మామూలుగా, నిజంగా మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. ఆ గోదాములో చేతికందే దూరంలో ఒక తూకం రాయి ఉంది. దాన్ని చూశానని, చూసి బయటికొచ్చేశానని మాత్రం చెప్పగలను.

అక్కను వెతుక్కుంటూ పొలానికి పోయాను. గట్టు దగ్గర గుంత తవ్వుతోంది. విత్తనాలకు తెగులు రాకుండా మందు పొడి కలిపి సంచుల్లో నింపుతారు. ఆ వడ్లు మిల్లుకు పనికిరావు, కోళ్లకు కూడా వేయకూడదు. తన మడులకు సరిపడా ఉంచుకుని, మిగిలినవి పాతిపెట్టడం తప్ప దారి లేదు. పార తీసుకుని నేనూ తవ్వాను. తవ్వుతూనే చెప్పాను, అంతా. కేబుల్ గది దగ్గరనుంచి గోదాము దాకా.

అక్క సంచి మూతి విప్పుతూ వింది.

“మిషనని చెప్పినవ్ గదా నాకు.”

“అబద్ధం చెప్పిన.”

“ఎప్పుడు రాసినవ్ గవన్నీ?”

“మే నెలల.”

“మే నెలల నేను కల్లంల ఉన్న. నీకు మజ్జిగ పంపిన గదరా అప్పుడు.”

“పంపినవ్.”

“తాగినవా?”

“తాగిన అక్కా.”

ఆమె సంచిని గుంతలోకి వంచింది. వడ్లు పడుతున్నంతసేపూ నా వైపు చూడలేదు. తర్వాత అంది:

“నువ్వు ఆయన మీద ఇసిరినవ్. ఆయన పక్కకు జరిగిండు. ఎన్క నేనున్న.”

నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఆమెకు కోపం వచ్చింది.

“నా ముంగట ఏడ్వకు. నాకు చెప్తే నాకేమొస్తది? కొన్నోళ్లకు పోయి చెప్పు.”

ఆ వానాకాలం బండి మీద ఊళ్లు తిరిగాను. వర్ని క్యాంపులు, కోటగిరి, డోంగ్లి వైపు పల్లెలు. కొందరు కుర్చీ వేసి విన్నారు, కొందరు నాట్ల తొందరలో ఉండి వినలేదు. దుకాణంలో మాట్లాడిన ఆ పెద్దాయన ఇంటికి కూడా పోయాను. అక్కడ ఆయన మాట వేరే.

“నువ్వు చెప్పింది నిజమేనని నాకు తెలుసు బాబూ. ఏళ్ల తరబడి ఆవిడ విత్తనమే పోశాను, మళ్లో ఒక్క కేళీ కనబడలేదు.”

“మరి ఈసారి ఎందుకు కొనలేదు?”

“కొన్నాననుకో, ఏ తుఫానుకో పంట పోయిందనుకో. కంప్యూటర్లో కూడా వచ్చింది, ఈ ముసలాడు వినలేదని మా వాళ్లు నన్ను తిడతారు. కంపెనీ విత్తనం పోతే కంపెనీని తిడతారు. నాకెందుకు చెప్పు?”



అక్క తన మడుల్లో ఆ విత్తనాన్నే నాటింది. పంట ఒక్క తీరుగా, పైన కత్తిరించినట్టు వచ్చింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసి, ఈ ఏడు కాలువ నీళ్లు మంచిగ వచ్చాయన్నారు. ఆ వడ్లను అక్క విత్తనానికి ఉంచలేదు, మొత్తం మిల్లుకు పంపేసింది. గొలుసులు ఏరలేదు. తర్వాత భూమి కౌలుకిచ్చింది. ఒకసారి నిజామాబాద్ బస్సులో ఎవరో ఆడమనిషి పక్కావిడకు వేలు చూపించి, “గామెనే, నకిలీ విత్తనాలామె” అందట. అక్క నాకు చెప్పలేదు, అదే బస్సులో ఉన్న మా పొరుగింటివాళ్లు చెప్పారు.

రెండేళ్ల తర్వాత డోంగ్లి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడుతాడు. నేను ఊళ్లు తిరిగి చెప్పినప్పుడు విన్నవాళ్లలో ఒకడు. కంపెనీ విత్తనం వేసి చూశాడట, మనసుకు పట్టలేదట. అక్క వసారాలో కూర్చుని, “తాయీ, మీ వడ్లు ఒక సంచి ఇయ్యండి, ఎవలేమన్న నాకు ఫికర్ లేదు” అన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. అక్క ఆయనకు నీళ్లిచ్చింది.

“లేవు నాయనా.”

“ఒచ్చే పంటకన్న ఉంచుండ్రి.”

“విత్తనమే లేదు. దేంట్లకెళ్లి పండియ్యాలె?”

ఏళ్ల తరబడి ఏరి నిలబెట్టిన రకం, ఆ ఒక్క పంట విత్తనానికి ఉంచకపోవడంతో పోయింది. అది మళ్లీ తెచ్చేది కాదు. నమ్మేవాడు ఒక్కడు దొరికేసరికి ఇవ్వడానికి గింజ లేదు. ఆ రైతు చేతిలోని ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

వెబ్‌సైట్ ఎప్పుడో మూసేశాను. ఇప్పుడిది కాగితం మీద రాస్తున్నానని అక్కకు చెప్పాను.

“రాయి. విత్తనాలు మంచియని రాయి. నా పేరు పెట్టకు. ఆయన పేరు గూడ పెట్టకు, ఎంతైన పిల్లల తండ్రి.”

అందుకే పేర్లు పెట్టలేదు. అక్కకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. ఆమె విషయంలో నేను చేసినదానికి నన్ను ఎవరేమన్నా పడతాను. బావకు మాత్రం క్షమాపణ చెప్పలేదు, చెప్పను. ఆయన దుకాణం ఇప్పటికీ నడుస్తోంది, కంపెనీ బోర్డు ఇంకా పెద్దదైంది. పేరు లేకపోయినా బాన్సువాడలో ఇది చదివినవాళ్లకు ఆ దుకాణం ఏదో, ఆ మనిషి ఎవరో తెలిసిపోతుంది. అక్కకు ఆ సంగతి తట్టలేదు. నాకు రాయడం మొదలుపెట్టినప్పుడే తెలుసు.